గిటారు మెడ – వీణ దండి

మన విద్యార్థుల్లో చాలామంది గిటారు కొంటున్నారు గానీ, దాని మెడ సవరించడం కొద్దిమందికే తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తీగల లాగుడుకి మెడ ముందుకు వంగుతుంది. తీగ ఎత్తు పెరిగి వేళ్లు నొప్పెడతాయి. అందుకని చాలా గిటార్ల మెడలో ఉక్కు కడ్డీ అమర్చుతారు. గిబ్సన్ కంపెనీకి దీనిపై 1923లో పేటెంటు వచ్చింది. నట్టుకు సరిపోయే అలెన్ కీతో పావు చుట్టు కుడికి తిప్పి, మళ్లీ శ్రుతిచేసి చూడాలి. బిగుసుకుంటే బలవంతం చేయరాదు. కడ్డీ తెగితే వాద్యమే పోతుంది.

మన బొబ్బిలి వీణ సంగతి వేరు. గొల్లపల్లి పనివారు ఒకే పనసదుంగలో చెక్కే దాని దండిలో కడ్డీ ఉండదు. 24 మెట్లూ మైనంలో నిలుపుతారు. స్వరం తప్పితే మైనం మెత్తబరచి మెట్టు జరుపుతారు. ఎంత జరపాలో చెప్పేది చెవే. అలెన్ కీ బజారులో దొరుకుతుంది. ఆ చెవి సాధనతోనే వస్తుంది.