గొర్రెల మందల కాపలా కుక్కల ప్రవర్తన – యజమానుల అలవాట్ల పాత్ర

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో కోతలు ముగిసిన పొలాలలో రాత్రివేళ గొర్రెల మంద పెట్టించడం పూర్వం నుండి వస్తున్న ఎరువు పద్ధతి. గొర్రెల ఎరువులో సుమారు 3 శాతం నత్రజని, 1 శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయి. మూత్రం కూడా నేరుగా నేలకే చేరుతుంది. వెంటనే గుంటక తోలి పైమట్టిలో కలిపినట్లయితే నత్రజని నష్టం తగ్గుతుంది. ఇదంతా విద్యార్థులకు తెలిసినదే. మందతోపాటు పొలంలోకి వచ్చే కుక్కను మాత్రం సస్యశాస్త్ర పాఠాలు పట్టించుకోవు. దారిన పోయే కూలీలపై కుక్క పడుతుందంటే, ఎరువు ఎంత మంచిదైనా రైతు మంద పెట్టించుకోవడానికి వెనుకాడతాడు.

పట్టణాలలో పెంపుడు కుక్కల కోసం కంచె గల పార్కులు వెలిశాయి; హైదరాబాద్ కొండాపూర్‌లో 2018లో నగరపాలక సంస్థ అటువంటిదొకటి ఏర్పాటు చేసింది. మంద కుక్క తిరిగేది పరుల పొలంలో. అక్కడ దాని నడత చాలావరకు యజమాని పెంపకంపైనే ఆధారపడి ఉంటుంది.

కుక్కపిల్లకు 3 నుండి 12 వారాల వయస్సు కీలకం. ఆ దశలో గొర్రెల మధ్య పెరిగిన పిల్ల వాటిని తన తోటివిగా భావించి అంటిపెట్టుకొని ఉంటుంది. అప్పుడే కొత్త మనుషులను, పిల్లలను చూసి ఉంటే తరువాత వారిని చూసి బెదరదు, మీద పడదు. ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల అంచున చిరుత భయం ఉన్నందున కాపరులు కరిచే కుక్కనే మంచి కుక్కగా ఎంచడం సహజం. అయితే చిరుత రాకను తెలిపేది మొరుగుడు. కూలీని కరవడం వల్ల మందకు ఒరిగేదేమీ లేదు. వేళకు తిండి పెట్టని కుక్క మందను విడిచి ఊరి చెత్తకుప్పలకు పోతుంది.

అన్నింటికంటె హాని చేసే అలవాటు మరొకటి ఉన్నది. చచ్చిన గొర్రె తలను, కాలేయాన్ని, ఊపిరితిత్తులను పచ్చిగానే కుక్కకు వేయడం. మెదడులోని నీటితిత్తులను తిన్న కుక్క పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో మేతపై పడి మరల గొర్రెకు చేరతాయి. అప్పుడు గొర్రె ఒకే వైపునకు గుండ్రంగా తిరుగుతూ చిక్కిపోతుంది. దీనిని గాలి సోకినట్లుగా భావించి తాయెత్తు కట్టేవారూ లేకపోలేదు. కాలేయం, ఊపిరితిత్తులలోని తిత్తుల ద్వారా వ్యాపించే మరొక బద్దెపురుగు మనిషికి కూడా సోకుతుంది. ఎండకు ఆరిన రేగడిలో ఈ గుడ్లు త్వరగా నశిస్తాయి, కె.సి. కాలువ గట్ల వంటి తడి, నీడ గల చోట్ల చాలాకాలం నిలుస్తాయి. ఐస్‌లాండ్ దేశం పచ్చి అవయవాలను కుక్కలకు అందకుండా చేసి ఈ వ్యాధిని నిర్మూలించగలిగింది.

కావున కళేబరాన్ని కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి, లేదా అవయవాలను అరగంటకు పైగా ఉడికించిన తరువాతే వేయాలి. పశువైద్యుని సలహాతో కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాముల ప్రాజిక్వాంటెల్ ఆరు వారాలకొకసారి ఇప్పించాలి. ఈ మందు గుడ్లను చంపదు. అందుచేత మందు వేసిన తరువాత రెండు రోజులు కుక్కను కట్టివేసి, మలాన్ని కాల్చివేయాలి.

రేబిస్ టీకా మూడు నెలల వయస్సులోను, ఆపై ఏటేటా వేయించాలి. కరిచినచోట పసరు, కారం పూయరాదు. 15 నిమిషాలు సబ్బునీటితో కడిగి అదే రోజు ఆసుపత్రికి చేరాలి. మంద పెట్టించుకొనే రైతు బాడుగ మాట్లాడేటప్పుడే కుక్కకు టీకా వేయించారా అని అడిగే వాడుకను విస్తరణ సిబ్బంది గ్రామాలలో ప్రవేశపెట్టవచ్చు. మంద వెంట మకాం మార్చే కాపరి పశువైద్యశాలకు రావడం అరుదు కనుక, మంద ఏ పొలంలో ఉన్నదో రైతు ద్వారా తెలుసుకొని సాయంత్రం అక్కడికే వెళ్లడం మేలు.