విదేశ వాణిజ్యము – మన పొలములు

బాగేపల్లి నుండి ఉత్తరముగా బయలుదేరిన సరకుబండి స్వల్పకాలములోనే ఆంధ్రప్రదేశ్ సరిహద్దును దాటును. ఆ యెల్లయొద్ద సరకునకు దిగుమతి సుంకమనునది లేదు. దేశమంతట వర్తకము సామాన్యముగా స్వేచ్ఛతో సాగవలెనని మన రాజ్యాంగము 301వ అధికరణమున చెప్పుచున్నది. కాని ఆ బండియే చెన్నై రేవునకు పోయి, సరకు ఓడ నెక్కవలసి వచ్చినచో వేరు నిబంధనలు ఎదురగును. దేశమను ఇంటికి రెండు వాకిళ్లు గలవు: ఒకటి దిగుమతికి, రెండవది ఎగుమతికి. వీనిని ఎప్పుడు తెరువవలెను, ఎప్పుడు మూయవలెను, ఎప్పుడు ఓరగా వేయవలెను అను నిర్ణయమే వాణిజ్యవిధానము. దాని ఫలము మన జిల్లాలో ఎట్లుండునో రెండు పంటలను బట్టి తెలిసికొందము.

మొదటిది పట్టు. చిక్కబళ్లాపురమునకును చింతామణికిని నడుమ నున్న శిడ్లఘట్టలో పేరొందిన పట్టుగూళ్ల సంత కలదు. మల్బరీ ఆకు మేపి, పురుగులను పెంచి, గూళ్లను అచ్చట అమ్ముకొని జీవించు కుటుంబములు మన పల్లెలలో అనేకము. గూళ్ల వెల ముడిపట్టు వెలను బట్టి యుండును. ముడిపట్టు వెలపై చైనా నుండి దిగుమతియగు పట్టు యొక్క ప్రభావము మిక్కుటము. 2011-12 కేంద్ర బడ్జెట్టులో ముడిపట్టుపై దిగుమతి సుంకమును నూటికి 30 నుండి 5కు తగ్గించిరి. ఆ యేడు గూళ్ల వెలలు పడిపోయి రైతులు ఆందోళన చేసిరి. 2013లో సుంకమును మరల 15కు పెంచిరి. అయితే ఇందు మరియొక పక్షము కలదు. ధర్మవరపు నేతగానికి నూలు చౌకగా లభించుటయే మేలు. గూళ్ల రైతునకు రక్షణయైన సుంకము మగ్గమునకు భారమగును.

రెండవది గులాబి ఉల్లి. మనవారు ఎర్రగడ్డ యని పిలుచు ఉల్లిలో ఇది యొక రకము; చింతామణి, చిక్కబళ్లాపుర ప్రాంతములందు పండును. గడ్డ చిన్నది, వన్నె ముదురు గులాబి, ఘాటు హెచ్చు. మన దేశమున దీని వాడుక స్వల్పము. మలేసియా, సింగపూరు, ఇండొనేసియా, శ్రీలంక మొదలగు దేశములకు పంపుటకే దీనిని ముఖ్యముగా పండింతురు. 2015లో దీనికి 'బెంగుళూరు గులాబి ఉల్లి' యను పేర భౌగోళిక గుర్తింపు లభించినది.

2019లో దేశమున ఉల్లి వెల మిక్కిలి పెరుగగా, సెప్టెంబరు 29న కేంద్రప్రభుత్వము సమస్తమైన ఉల్లి ఎగుమతిని నిషేధించెను. ఆహారమునకు తీవ్రమైన కొరత యేర్పడినపుడు ఎగుమతిని తాత్కాలికముగా ఆపుటకు 1947 నాటి అంతర్జాతీయ సుంక-వాణిజ్య ఒడంబడిక సైతము అవకాశ మిచ్చినది. పేదవాని వంటయింటిని తలచి చేసిన పనిని మేము తప్పు పట్టజాలము. కాని మనవారు అంతగా తినని ఉల్లిని రేవున నిలిపినందువలన ఏ వంటయింటికి లాభము? పెరికిన గడ్డ చిరకాలము నిలువ యుండదు. విదేశపు వర్తకుడును వేచి యుండడు.

రైతులు మొరపెట్టుకొనగా, అక్టోబరు 28న 9,000 టన్నుల గులాబి ఉల్లిని, చెన్నై రేవు ద్వారా మాత్రమే, నవంబరు 30 లోపల పంపుటకు అనుమతించిరి. 2020లో నిషేధము మరల వచ్చినపుడు దీనికిని, కడపసీమలోని కృష్ణాపురం ఉల్లికిని చెరి 10,000 టన్నుల మినహాయింపు లభించెను. 2023 ఆగస్టులో ఉల్లిపై నూటికి 40 ఎగుమతి సుంకము విధించిరి. మరుసటి నెలలో, కర్ణాటక ఉద్యానశాఖ కమిషనరు ధ్రువపత్రము గల గులాబి ఉల్లికి ఆ సుంకమును తొలగించిరి. ప్రతి పర్యాయమును మొదట ఉల్లి యంతయు ఒక్కటిగానే లెక్కకు వచ్చినది. భేదము పిమ్మట గుర్తింపబడినది. ఆ నడుమ గడచిన దినముల నష్టము రైతుదే.

ఒకే జిల్లాలో పట్టురైతు దిగుమతి వాకిలిని ఓరగా వేయుమనును. ఉల్లిరైతు ఎగుమతి వాకిలిని తెరువుమనును. ఈ రెండు కోరికలును న్యాయమైనవే. కావున స్వేచ్ఛావాణిజ్యమే మేలనియో, రక్షణయే మేలనియో ఒక్కమాటతో తేల్చుట తగదు. ఏ సరకు, ఏ కాలము, ఎవరికి లాభము, ఎవరికి నష్టము అని విచారింపవలెను. విద్యార్థులారా! ఇకమీదట పత్రికలో సుంకముల వార్త కనబడినపుడు దానిని విడిచిపెట్టక చదువుడు. ఆ వారము సంతలో పలికిన వెల యెంతయో ఇంట పెద్దలను అడిగి, రెంటిని పోల్చి చూడుడు.