మోకాలి కీలు మార్పించుకొనినవారు - ఎముక విరుగు ప్రమాదము

మోకాలి కీలు మార్పించుకొనిన వృద్ధులు నేడు మన పల్లెలలోను కనిపించుచున్నారు. మంచము పట్టినవారు లేచి రచ్చబండ వరకు నడచి వచ్చుట ఇంటిల్లిపాదికి సంతోషకరము. ఆ నడక మరల పోకుండ కాపాడవలెనన్న, ఈ శస్త్రచికిత్స పిమ్మట కొందఱికి సంభవించు ఒక ఆపదను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. అదియే కొత్త కీలు ప్రక్కన ఎముక విరుగుట.

ఎముక ఏల విరుగును?

అరిగిన మోకాలిలో తొడ ఎముక చివరను, కాలి ఎముక పైభాగమును కొంత కోసి లోహపు తొడుగులు అమర్చి, నడుమ ప్లాస్టిక్ పలక నుంచుదురు. మన దేశమున 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఈ కీళ్లకు గరిష్ఠ ధర నిర్ణయించెను.

లోహము వంగదు, ఎముక కొంత వంగును. మనిషి పడినప్పుడు దెబ్బ లోహము అంతమగు చోట ఎముకపై ఎక్కువగా పడును. అందుచే మోకాలికి పైన తొడ ఎముక విరుగుటయే తఱచు. మొదటిసారి కీలు మార్పించుకొనినవారిలో ఇట్లు జరుగుట నూటికి ఇద్దరు ముగ్గురికి మించదు. రెండవసారి మార్పించుకొనినవారికి ప్రమాదము అధికము. ఎముకలు గుల్లబారినవారు, కీళ్లవాతము గలవారు, చిరకాలము స్టెరాయిడ్ మందులు వాడినవారు మఱింత జాగ్రత్తగా నుండవలెను. కొన్నేండ్లకు ప్లాస్టిక్ పలక అరిగి, ఆ నలుసుల వలన చుట్టునున్న ఎముక క్షీణించి కీలు వదులగుటయు కలదు. అట్టివారికి నిలుచున్న చోట జారిపడుటయే చాలును.

పడినప్పుడు చేయవలసినది

తీవ్రమైన నొప్పి, వాపు, కాలు వంకరపోవుట, బరువు మోపలేకపోవుట దీని గుర్తులు. రోగిని లేపి నడిపింపరాదు. కాలు లాగరాదు, మర్దన చేయరాదు. కాలిని ఉన్న స్థితిలోనే బద్దలతో, మెత్తని గుడ్డలతో కదలకుండ కట్టి 108 వాహనమును పిలువవలెను. పాదము చల్లబడినను, తిమ్మిరెక్కినను క్షణమైన ఆలసింపరాదు.

పుత్తూరు కట్టు వంటి కట్టులకు మన పల్లెలలో ప్రసిద్ధి కలదు. కాని లోన లోహపు కీలున్నప్పుడు అది గట్టిగా నున్నదో, వదులైనదో పైనుండి తెలియదు, ఎక్స్‌రే తీయవలెను. కీలు గట్టిగా నున్నచో ప్లేటుతోగాని, రాడ్డుతోగాని ఎముకను అతుకుదురు. వదులైనచో పొడవైన కాడ గల మఱియొక కీలు అమర్చుదురు. కొన్ని నమూనాలలో మాత్రమే కీలు గుండ రాడ్డు పోవును గనుక, పాత ఆసుపత్రి కాగితములను వెంట తీసికొని పోవుట మఱువరాదు. ఆలస్యమైనకొలది మంచపు పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు, రక్తము గడ్డకట్టుట వంటివి వృద్ధుల ప్రాణమునకే ముప్పు తెచ్చును.

పంచాయతీ కర్తవ్యము

కుళాయి గట్లపై నాచు తీయించుట, మురుగు కాలువలపై పలకలు వేయించుట, వీధి దీపములు వెలుగునట్లు చూచుట, పంచాయతీ కార్యాలయపు మెట్ల ప్రక్క కమ్మీ పెట్టించుట మీ చేతిలోని పనులు. స్నానపుగదిలో పట్టుకొనుటకు కమ్మీ, రాత్రివేళ దీపము ఉంచుమని ఇంటివారికి చెప్పుడు. రాగులు, నువ్వులు, పాలు ఎముకకు బలము. కొత్తగా మోకాలిలోగాని తొడలోగాని నొప్పి పుట్టినచో, పడకున్నను వైద్యునికి చూపింపుడు.

మీ గ్రామమున కీలు మార్పించుకొనినవారు ఎవరెవరో ఈ నెలలోనే తెలిసికొనుడు. వారు నడచు బాటను ఒకసారి మీరును నడచి చూడుడు. జారు చోటు అప్పుడే కంటబడును.