పేరు లేని సమాధులు: నిర్బంధ శిబిరాల్లో మనవారు



నవంబరు నెల వచ్చిందంటే మన కుటుంబాలన్నీ సమాధుల తోటకు బయలుదేరుతాయి. చేవెళ్ళ అయినా, మొయినాబాద్ అయినా, చుట్టుపక్కల పల్లెలైనా అదే పద్ధతి. గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తాం. గురువుగారు తీర్థజలం చల్లుతూ వరుసగా నడుస్తుంటే "ఇది మీ తాతది, ఇది మీ నాయనమ్మది" అని పిల్లలకు చూపిస్తాం. సమాధి ఉన్నవారికి ఇదంతా జరుగుతుంది. సమాధే లేనివారి మాటేమిటి? అలాంటివారిని గురించి, అందులోనూ మన తెలుగువారిని గురించి ఈ వారం తెలుసుకుందాం.

కాన్సెంట్రేషన్ క్యాంపు అనే మాట మీరు పత్రికల్లో చదివే ఉంటారు. నిర్బంధ శిబిరం అంటాం. అది జైలు కాదు. జైలుకు పంపాలంటే ఒక నేరం, ఒక కోర్టు, ఒక తీర్పు, ఇన్నేళ్ళని ఒక లెక్క ఉండాలి. శిబిరానికి అవేవీ అక్కరలేదు. ఫలానా జాతివాడు, ఫలానా ఊరివాడు అయితే చాలు, ముళ్ళకంచె లోపలికి తోస్తారు. 1896లో క్యూబాలో స్పెయిన్ సైన్యం పల్లెజనాన్ని ఇట్లాగే ఒకచోట పోగుచేసింది. తర్వాత దక్షిణాఫ్రికాలో, 1900-1902 మధ్య, బ్రిటిషువారు బోయర్ల పొలాలు తగులబెట్టి స్త్రీలను, పిల్లలను గుడారాల్లో పెట్టారు. సుమారు 28 వేలమంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలే. ఎమిలీ హాబ్‌హౌస్ అనే మహిళ అక్కడికి వెళ్ళి చూసి ఇంగ్లండులో చెప్పినందువల్ల ఆ సంగతి లోకానికి తెలిసింది. పక్కనే నల్లజాతివారికి వేరే శిబిరాలు ఉండేవి. అక్కడ పోయినవారిని సరిగ్గా లెక్కపెట్టనే లేదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. మన తెలంగాణలోనూ 1948 పోలీసు చర్య తర్వాత గోదావరి అడవుల్లోని కోయపల్లెలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో ఉంచారని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు.

జర్మనీ సంగతి మనకు కొంత తెలిసిందే. హిట్లర్ అధికారానికి వచ్చిన 1933లోనే డాఖావ్ శిబిరం మొదలైంది. అందులో రెండున్నర వేలకు పైగా క్రైస్తవ గురువులే ఖైదీలుగా ఉన్నారు. ఆష్విట్జ్‌లో సుమారు 11 లక్షలమందిని చంపారు. వారిలో దాదాపు పది లక్షలమంది యూదులు. పునీత మాక్సిమిలియన్ కోల్బే అక్కడ 16670 నంబరు ఖైదీ. 1941లో ఒక ఖైదీ తప్పించుకున్నాడని అధికారులు పదిమందిని ఆకలిచావుకు ఎంచినప్పుడు, వారిలో ఒకతను భార్యాపిల్లలను తలచుకొని ఏడ్చాడు. అతని బదులు తాను పోతానని కోల్బే ముందుకు వచ్చారు. ఆగస్టు 14న విషపు సూది వేసి వారిని చంపారు. బ్రతికినతను 1982లో రోముకు వెళ్ళి, తనను కాపాడినవారిని పునీతులుగా ప్రకటించడం కళ్ళారా చూశాడు. వారి పేరు మన పిల్లలకు కూడా తెలుసు.

అవే సంవత్సరాల్లో తెలుగు మాట్లాడేవారు కూడా శిబిరాల్లో చచ్చిపోయారు. ఇది మన పిల్లలకు చెప్పేవారు లేరు.

విశాఖ, గోదావరి వంటి కోస్తా జిల్లాల నుండి వేలమంది కూలీలు మలయా రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు పోయి స్థిరపడ్డారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. రబ్బరు కొనేవాడు లేడు, తోటల్లో పని లేదు, బియ్యం లేవు. స్వదేశానికి ఓడ లేదు. అప్పుడు జపాను సైన్యం సయాం, అంటే నేటి థాయిలాండ్ నుండి బర్మాకు అడవుల గుండా రైలుదారి వేయడం మొదలుపెట్టింది. పొడవు 415 కిలోమీటర్లు. మన చేవెళ్ళలో బయలుదేరి విజయవాడ, ఏలూరు దాటి ఇంకా ముందుకు పోయినంత దూరం. కొండలు తొలిచి, వంతెనలు కట్టి, దీన్ని 1943 అక్టోబరు 17 నాటికి కలిపేశారు. యంత్రాలు కొద్ది. అంతా మనిషి రెక్కల మీదే.

కొన్ని నెలల పని, రోజుకు డాలరు కూలి అని చెప్పి తోటల్లో మనుషులను పోగుచేశారు. మాటకు లొంగనివారిని బలవంతంగా పట్టుకుపోయారు. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, అట్నుంచి అటే తరలించిన సంఘటనలు కూడా ఉన్నాయి. మలయా నుండి డెబ్బై వేలకు పైగా పోయారు. అత్యధికులు తమిళులు, వారితోపాటు తెలుగువారు, మలయాళీలు. కొందరు భార్యాపిల్లలతోనే వెళ్ళారు. గూడ్సు పెట్టెల్లో కుక్కి రోజుల తరబడి తీసుకుపోయి, అక్కడి నుండి అడవిలో నడిపించారు.

అక్కడ 60 వేలమందికి పైగా బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి, అమెరికా యుద్ధఖైదీలు కూడా పనిచేశారు. వారి బాధ చిన్నది కాదు. 12 వేలకు పైగా చనిపోయారు. అయినా వారికి తమ అధికారులున్నారు, ఎడ్వర్డ్ డన్‌లప్ వంటి సైనిక వైద్యులున్నారు. నీళ్ళు కాచి త్రాగండి, దొడ్డి దూరంగా తవ్వండి అని కట్టడి చేసేవారున్నారు. మన కూలీలకు నాయకుడు లేడు, వైద్యుడు లేడు, మందు లేదు. వెదురు పాకలు, చాలీచాలని అన్నం, వాగునీళ్ళు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు శిబిరాలకు శిబిరాలే ఖాళీ అయ్యాయి. మలేరియా, రక్తవిరేచనాలు, ఎముక కనబడేదాకా కుళ్ళే పుండ్లు సరేసరి. రోగం వచ్చినవారికి సరైన తిండి కూడా పెట్టలేదు. మలయా, బర్మా, జావా వంటి దేశాల కూలీలందరూ కలిపి సుమారు 90 వేలమంది పోయారని అంచనా. అంచనా మాత్రమే సుమా! ఎందుకంటే పేర్లు రాసుకున్నవారు లేరు.

నేడు కాంచనబురి పట్టణంలోని యుద్ధ సమాధుల తోటలో దాదాపు ఏడువేలమంది సైనికులకు వరుసగా సమాధులున్నాయి. కోసిన పచ్చిక, పూలమొక్కలు. తెల్లదేశాల నుండి మనుమలు వచ్చి పూలు పెట్టి పోతారు. కూలీలకు అట్లాంటి తోట లేదు. 1990లో ఆ ఊళ్ళో త్రవ్వుతుంటే ఒకే గోతిలో గుట్టగా ఎముకలు బయటపడ్డాయి. 1957లో వచ్చిన క్వాయ్ నది వంతెన సినిమా చూసినవారు మీలో ఉండవచ్చు. గొప్ప సినిమానే, కాదనను. కాని దానిలో ఈ కూలీల కోసం వెతికితే దాదాపు కనబడరు.

యుద్ధం ముగిశాక ఈ రైలుదారి నేరాలకు 111 మందికి శిక్షలు పడ్డాయి, వారిలో 32 మందికి మరణశిక్ష. కూలీల ఇళ్ళకు మాత్రం ఉత్తరం కూడా రాలేదు. తోటల్లో మిగిలిన భార్యలు బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియక ఏళ్ళు గడిపారంటే మీరే ఊహించుకోండి.

మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు పోతుంటే దారి పక్క మర్రిచెట్లు మీరెరుగుదురు. నిజాం కాలంలో నాటారని చెబుతాం. నిజాం పేరు మనకు తెలుసు, గుంట తవ్వి నీళ్ళు పోసినవారి పేరు తెలియదు. సయాంలోనూ అంతే జరిగింది, కాకపోతే అక్కడ తవ్వినవారు ఆ గుంటల్లోనే మిగిలిపోయారు.

మన విచారణల్లో కోస్తా నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉంటే, మలయాకో రంగూనుకో పోయి తిరిగిరాని ముత్తాత ఉన్నాడేమో పెద్దలను అడగండి. వారు ఉండగానే పేరు, ఊరు రాసిపెట్టుకోండి. నవంబరు 2న బలిపూజకు ఇచ్చే పేర్ల చీటీలో ఆ పేరు చేర్చండి. వారిలో ఎక్కువమంది హిందువులు, అయినను మన ప్రార్థనకు అడ్డేమీ లేదు. పేరు దొరకకపోతే "సయాం రైలుదారిలో పోయినవారు" అని రాసి ఇవ్వండి, గురువుగారు అలాగే చదువుతారు.