మనోవైద్య శిక్షణ - గ్రామము చేయదగిన సాయము

మతి చలించినదనగానే మన పల్లెలందు ఎర్రగడ్డ పేరో, విశాఖపట్టణము పేరో వినవచ్చును. రోగిని అంతదూరము తీసికొనిపోవుట ప్రయాసతోను, వ్యయముతోను కూడిన పని. 2015-16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ సర్వేలో, మానసిక వ్యాధిగ్రస్తులలో, ఆయా వ్యాధులనుబట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్స పొందుట లేదని తేలినది. ఇప్పుడు ఈ వైద్యము నేర్చుచున్న యువ వైద్యులు జిల్లా ఆసుపత్రులకే వచ్చుచున్నారు. పంచాయతీ సభ్యులు ఈ ఏర్పాటును ఎరిగియుండవలెను.

ఎం.బి.బి.ఎస్. ముగించినవారు మనోవైద్యములో ఎం.డి. పట్టమునకై మూడేండ్లు చదువుదురు. 2020లో వెలువడిన నియమము ననుసరించి, అందులో మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయవలెను. విద్యార్థులేకదా యని వీరిని తేలికగా చూడరాదు. వీరు వైద్య పట్టభద్రులు. పెద్ద వైద్యుల పర్యవేక్షణలో చికిత్స చేయుదురు.

నగరములోని బోధనాసుపత్రిలో దొరకని విద్య వీరికి ఇచ్చట దొరకును. మనసు బాగులేదని చెప్పుచు వచ్చువారు పల్లెలలో అరుదు. నిద్ర పట్టదందురు, గుండెదడ యందురు, ఒళ్లంతయు మంటలందురు. గాలి సోకినదనువారును గలరు. ఈ మాటల చాటుననున్న దిగులును పోల్చుకొనుట పుస్తకములవలన అబ్బదు. పైగా ప్రభుత్వ కళాశాలలలో సగము సీట్లు అఖిల భారత కోటాలో నింపబడుటచే, వచ్చినవారిలో తెలుగు రానివారును ఉందురు. అట్టిచోట ఆశా కార్యకర్తయో, చదువుకొన్న యువకుడో తోడుండి మాట అందించినచో రోగికిని, వైద్యునికిని మేలు కలుగును.

రోగి వెంట పలుకుబడిగల పెద్దమనిషి వెళ్లి, అంతయు తానే చెప్పుట మన యలవాటు. ఇది మంచిది కాదు. రాత్రులందు రోగి యెట్లుండునో భార్యకో, తల్లికో తెలియును. వారిని చెప్పనిచ్చి, సభ్యుడు గది వెలుపల కూర్చుండుట ఉచితము. పురుగుమందు త్రాగినవారి విషయములో ఇది మరింత ముఖ్యము. పోలీసు కేసగునని భయపడి, పొరపాటున త్రాగెనని చెప్పుదురు. వైద్యుడు అది నమ్మి పంపివేసినచో, ఆ మనిషి మరల అదే పని చేయవచ్చును. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మనోవ్యథలోనున్నవానిగా భావించవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కావున నిజము దాచవలసిన పనిలేదు.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు కలదు. మూడు నెలలు గడచినంతనే వైద్యుడు మారును. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధిలో గుణము కనిపించగానే మందు మానివేయుదురు. కొన్ని నెలలకు వ్యాధి తిరుగబెట్టును. అప్పుడు క్రొత్త వైద్యునికి పాత మందేదో, ఎంత మోతాదో తెలియదు. లిథియమ్ వాడువారికి రక్తపరీక్షలు వేళ తప్పక జరుగవలెను. అందుచేత చీటీలన్నియు ఒక సంచిలో భద్రపరచి, ప్రతిసారి చూపునట్లు ఆ యింటివారికి చెప్పుడు. అల్పమైన పనియే గాని, శిక్షణకు వచ్చినవాడు చేయలేనిది, ఊరివారు చేయగలిగినది ఇదియే.

ఇంటిలో ఎవరినైనను గొలుసుతో బంధించినట్లు తెలిసినచో ఊరకుండరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదము జరుగగా, గొలుసులతో కట్టబడియున్న రోగులు తప్పించుకొనలేకపోయిరి. 28 మంది మరణించిరి. 2017 చట్టము గొలుసులను పూర్తిగా నిషేధించినది. రోగిని హింసించుచున్నారని, నిర్లక్ష్యము చేయుచున్నారని ఎవరైనను పోలీసు స్టేషనుకు తెలుపవచ్చును; స్టేషను అధికారి మేజిస్ట్రేటుకు నివేదింపవలెను. అయితే ముందుగా ఇంటివారితో నెమ్మదిగా మాటలాడి, ఆసుపత్రి దారి చూపుట మేలు. వారిలో పెక్కుమంది క్రూరులు కారు, దిక్కు తోచనివారు.

పల్లెలో ఈ వైద్యము సాధ్యమా యను సందేహము పాతది. 1980లలో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు మన పొరుగున బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును, ఆరోగ్య కార్యకర్తలకును శిక్షణ నిచ్చి, సాధ్యమేయని చూపిరి. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదియే మాదిరి.

వైద్యుడు అందుబాటులో లేని వేళ టెలి-మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ సేవ రేయింబవళ్లు ఉచితము, తెలుగులో మాటలాడవచ్చును. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు.