వెనక గదికి చేరని తరంగాలు

ముందు గదిలో బీరువా మీద వైఫై రౌటర్ ఉంది. దాని ఎదుట కూర్చుంటే సినిమా ఆగకుండా వస్తుంది. వెనక గదిలోకి వెళ్తే మాత్రం బొమ్మ కదలదు. రేపు ఉదయం మీ అక్కకు ఆ వెనక గదిలోనే ఆన్‌లైన్‌లో ఉద్యోగపు ఇంటర్వ్యూ ఉందనుకోండి. "ఈ డబ్బా పాతబడింది, కొత్తది కొందాం" అంటున్నారు నాన్నగారు. నిజంగా కొనవలసిందేనా? డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక గంటసేపు మీరు పరిశోధన చేసి చూడండి. అందుకు ఒక ఫోను, ఒక నోటు పుస్తకం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ఒకే పెట్టెలో రెండు రేడియోలు

రౌటర్ అంటే ఒక చిన్న రేడియో కేంద్రం. దాని మీద 'డ్యూయల్ బ్యాండ్' అని ఉంటే లోపల రెండు రేడియోలు ఉన్నాయన్నమాట. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనూ, మరొకటి 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనూ పనిచేస్తాయి. మొదటి తరంగాలు సెకనుకు 240 కోట్ల సార్లు కంపిస్తే, రెండోవి సుమారు 500 కోట్ల సార్లు కంపిస్తాయి.

ఈ తరంగాల పొడవెంతో మీరే లెక్క కట్టవచ్చు. రేడియో తరంగాలు కాంతి వేగంతో, అంటే సెకనుకు 3,000 కోట్ల సెంటీమీటర్ల వేగంతో ప్రయాణిస్తాయి. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 3,000ను 240తో భాగిస్తే 12.5 సెంటీమీటర్లు. 500తో భాగిస్తే 6 సెంటీమీటర్లు.

పొట్టి తరంగాల రేడియో ఒకేసారి ఎక్కువ సమాచారాన్ని మోయగలదు. దానికి కేటాయించిన దారి వెడల్పైనది, రద్దీ కూడా తక్కువ. అయితే ఇటుక గోడ, కాంక్రీటు దాటేటప్పుడు అది ఎక్కువ శక్తిని పోగొట్టుకుంటుంది. మూలలు తిరిగి వెళ్ళడంలోనూ పొడుగు తరంగాలదే పైచేయి. అందుకే రౌటర్ దగ్గర 5 గిగాహెర్ట్జ్ వేగంగా పనిచేస్తుంది, రెండు గోడల అవతల 2.4 గిగాహెర్ట్జ్ ఆదుకుంటుంది.

రేడియో తరంగాలు గోడల్ని దాటగలవని 1890ల దశకంలోనే జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో చేసి చూపించారు. మధ్యలో గోడలు అడ్డున్నా ఆయన పంపిన తరంగాలు అవతల గంటను మోగించాయి. అయితే దాటిన ప్రతి గోడా కొంత సుంకం పుచ్చుకునే పంపుతుందని గుర్తుంచుకోండి.

మొదటి పరీక్ష: లోపం ఇంటిలోనా, బయటనా?

ఫోను పట్టుకుని రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడండి. అక్కడ కూడా నెట్ నెమ్మదిగానే ఉంటే లోపం వైఫైది కాకపోవచ్చు. బయటి నుంచి వచ్చే లైనులోనే చిక్కు ఉండవచ్చు. అప్పుడు ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా లాభం లేదు. లైను ఇచ్చినవారికే చెప్పాలి. దగ్గర బాగుండి, దూరంగా వెళ్తేనే పాడైతే ఈ కింది పరీక్షలకు దిగండి.

రెండో పరీక్ష: బలాన్ని కొలవండి

ఫోనులో కనిపించే గీతలు స్థూలంగానే చెబుతాయి. వైఫై బలాన్ని అంకెల్లో చూపే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. బలాన్ని 'డీబీఎం' అనే ప్రమాణంలో, మైనస్ గుర్తుతో చూపిస్తారు. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. పది అంకెలు తగ్గితే శక్తి పదో వంతుకు పడిపోతుంది. ముందు గదిలో మైనస్ 50, వెనక గదిలో మైనస్ 80 వచ్చిందనుకోండి. తేడా ముప్పై. అంటే చేరిన శక్తి వెయ్యో వంతే! మాట, బొమ్మ తెగకుండా రావాలంటే సుమారు మైనస్ 67 లేదా అంతకంటే మెరుగైన బలం ఉంటే మంచిది.

ప్రతి గదిలోనూ రెండు బ్యాండ్లకూ విడివిడిగా కొలిచి పట్టిక రాయండి. రెండింటికీ ఒకే పేరు ఉంటే, ఫోను ఏ బ్యాండులో ఉందో యాప్ చెబుతుంది. వెనక గదిలో 5 బలహీనంగా ఉండి, 2.4 బాగుంటే సగం సమస్య తీరినట్లే. అక్కడ 2.4నే వాడుకోవచ్చు.

మూడో పరీక్ష: చోటు మార్చండి

బీరువా ఇనుముది. లోహం రేడియో తరంగాలను అద్దంలా వెనక్కి కొడుతుంది. బీరువా పక్కన, టీవీ వెనక, చేపల తొట్టె చాటున రౌటర్‌ను ఉంచకూడదు. నీరు కూడా ఈ తరంగాలను బాగా మింగేస్తుంది. పెద్దల అనుమతి తీసుకుని రౌటర్‌ను ఇంటి మధ్యకు, తలెత్తు ఎత్తులో, తెరపి ఉన్న చోటికి మార్చండి. దానికి వచ్చే సన్నని ఫైబర్ తీగను మడవకండి. అందులో గాజు దారం ఉంటుంది, విరుగుతుంది.

ఏంటెన్నా సంగతి చూద్దాం. ఒక గారె చిల్లులో పుల్ల గుచ్చినట్లు ఊహించుకోండి. పుల్ల ఏంటెన్నా, గారె దాని తరంగాలు వ్యాపించే ఆకారం. పుల్ల పక్కలకు బలం ఎక్కువ, పుల్ల కొన చూపే దిక్కున అతి తక్కువ. అందుకే ఒకే అంతస్తులో వాడేటప్పుడు ఏంటెన్నాను నిటారుగా నిలపాలి. మేడ మీదికి కూడా కావాలంటే, రెండు ఏంటెన్నాలు ఉన్నప్పుడు ఒకదాన్ని పక్కకు వాల్చి చూడండి.

ఒకసారి ఒక్క మార్పే చేయండి. చోటు, ఏంటెన్నా రెండూ ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

నాలుగో పరీక్ష: బలం ఉన్నా మాట వినబడదా?

తిరునాళ్ళలో స్నేహితుడు పక్కనే నిలబడి అరిచినా వినబడదు. గొంతు చిన్నదై కాదు, చుట్టూ గోల ఎక్కువై. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం అలాంటి తిరునాళ్ళే. బ్లూటూత్, పక్కింటి రౌటర్లు అన్నీ అక్కడే. వంటింట్లోని మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 దగ్గర పనిచేస్తుంది. పెద్దల సాయంతో అందులో గిన్నెడు నీళ్ళు పెట్టి నడిపిస్తూ, దగ్గర్లో ఫోను వేగాన్ని చూడండి. సిగ్నల్ అంకె మారకుండానే వేగం పడిపోవచ్చు.

పక్కింటి రౌటర్ల గోల తగ్గించాలంటే చానెల్ మార్చాలి. 2.4లో చానెళ్ళు ఒకదానిపై ఒకటి పడుతూ ఉంటాయి. 1, 6, 11 మాత్రం ఒకదాన్నొకటి తాకవు. వీటిలో మీ వీధిలో ఏది ఖాళీగా ఉందో యాప్‌లో చూసి దాన్ని ఎంచుకోవాలి.

ఇన్ని చేసినా వెనక గది చీకటిగానే ఉంటే తీగ లాగి అక్కడ రెండో వైఫై పరికరం పెట్టడం నమ్మకమైన మార్గం. సిగ్నల్‌ను అందుకుని మళ్ళీ పంపే రిపీటర్ కొంటే దాన్ని వెనక గదిలో పెట్టకండి. తనకే వినబడనిది అది ఇతరులకు ఎలా చెబుతుంది? సిగ్నల్ ఇంకా బాగున్న నడిమి చోటే దానికి తగినది.

మరి రేపటి ఇంటర్వ్యూ? మీ పట్టికను అక్క ముందు పెట్టండి. ఏ గదిలో, ఏ బ్యాండులో, ఏ మూల కూర్చుంటే మాట తెగదో అది చెబుతుంది. కొత్త రౌటర్ కావాలో వద్దో నాన్నగారికీ అదే చెబుతుంది.

ఆలోచించండి

1. మైనస్ 40 నుంచి మైనస్ 60కి పడితే శక్తి ఎన్నో వంతు అవుతుంది?
2. తలుపు తెరిచినప్పుడు, మూసినప్పుడు కొలతలో తేడా వచ్చిందా? చెక్క తలుపుకీ ఇనుప తలుపుకీ తేడా ఎందుకు?
3. గది నిండా మనుషులున్నప్పుడు సిగ్నల్ ఎందుకు తగ్గవచ్చు? మన శరీరంలో ఎక్కువగా ఉన్న పదార్థం ఏదో గుర్తు చేసుకోండి.