నేల వాలును కళ్ళజోడులో చూచుట



కాంటూరు గట్టు వేయుటకు గాని, ఊట చెరువుకు చోటు నిర్ణయించుటకు గాని ముందుగా నేల వాలు తెలియవలెను. నీటి దారి తెలియక వేసిన గట్టు పెద్ద వానకు తెగును, పైమట్టి కొట్టుకొనిపోవును. ఒకే ఎత్తుగల చోట్లను గీతలతో కలిపిన పటములలో ఈ వాలు కలదు. కాని వాటిని చదువుట అందరికి అలవాటు లేదు. ఆ పటమునే మెరక, పల్లములతో కంటికి కట్టినట్లు చూపు సాధనము వర్చువల్ రియాలిటీ.

పనిచేయు విధము

ఒక కన్ను మూసికొని సూదిలో దారము ఎక్కించి చూడుడు, కష్టమగును. రెండు కళ్ళు ఒకే వస్తువును కొద్దిగా వేరు దిక్కులనుండి చూచుటవలన మనకు లోతు తెలియుచున్నది. ఈ కళ్ళజోడులో కంటికొక బొమ్మ చొప్పున చూపుదురు. తల త్రిప్పినకొలది కంప్యూటరు బొమ్మలను మార్చుచుండును. అందుచే గుట్టమీద నిలిచి దిగువ పొలములను చూచినట్లే తోచును. ఎత్తులనుబట్టి నీరు పారు దారులను కూడ కంప్యూటరు లెక్కగట్టి గీతలుగా చూపగలదు.

ఎత్తులు ఎట్లు తెలియును?

2005 మే 5న శ్రీహరికోటనుండి పంపిన కార్టోశాట్-1 ఉపగ్రహములో రెండు కెమెరాలు అమర్చిరి. ఒకటి 26 డిగ్రీలు ముందునకు, మరియొకటి 5 డిగ్రీలు వెనుకకు వంగి ఒకే నేలను ఫోటో తీసినవి. ఆ జంట ఫోటోలనుండి తయారైన ఎత్తుల పటమును హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ 'భువన్' ద్వారా అందించుచున్నది.

ఎంతవరకు నమ్మవచ్చును?

ఈ పటములో సుమారు 30 మీటర్లకు ఒక ఎత్తు మాత్రమే ఉండును. అనగా ఎకరమునకు నాలుగైదు అంకెలు. మధ్య నేలను కంప్యూటరు అంచనాతో నింపును. 100 మీటర్లకు 1 మీటరు దిగు పొలములో, ఎత్తున రెండు మీటర్ల పొరపాటున్నచో వాలే తారుమారుగా కనబడవచ్చును. కనుక గుట్టనుండి చెరువువరకు నీటి నడకను మొత్తముగా తెలిసికొనుటకు దీనిని వాడుడు. పొలము గట్టుకు మాత్రము డంపీ లెవెలుతో కొలిచి గుర్తులు పెట్టవలెను.

గమనింపవలసినవి

1. ఎత్తులను ఎన్ని రెట్లు పెంచి చూపుచున్నారో అడుగుడు. 5 రెట్లు పెంచినచో చిన్న మెరక గుట్టవలె కనబడును.

2. ఫోటోలు తీసిన తరువాత త్రవ్విన కాలువలు, వేసిన రోడ్లు అందులో ఉండవు.

3. గ్రామాధికారులు ఎగువ, దిగువ రైతులను కలిపి చూపవలెను. ఎగువ గట్టు తెగినచో నష్టపడునది దిగువవారే.

4. వాన కురిసినపుడు పొలము నడిచి, నీరు బొమ్మలోని దారినే పోవుచున్నదా అని సరిచూచుకొనుడు. ఆ తరువాతనే మట్టిపని మొదలుపెట్టుడు.